గ్రాఫిక్స్ కార్డుల సమీక్షా పద్ధతులు: కొనుగోలుదారుకు వాటి ప్రయోజనమెంత?

ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, ముంబయి లామింగ్టన్ రోడ్డు, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ - కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఈ అంగళ్ళలో వినిపించే భాషలు వేరైనా, కొనవచ్చిన విద్యార్థి అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: “ఈ ధరలో ఏ గ్రాఫిక్స్ కార్డు మంచిది?” ఈ ప్రశ్న అడిగేనాటికే అతడు పది సమీక్షలు చదివి ఉంటాడు. వాటిలోని పట్టికలు అతనికి కంఠస్థమై ఉంటాయి. అయినప్పటికీ కార్డును ఇంటికి కొనిపోయి బిగించిన పిదప, సమీక్షలో 90 అని చూపిన అంకె తన తెరమీద 60 దాటకపోవడం అరుదైన సంగతి కాదు. సమీక్షకుడు అసత్యం చెప్పలేదు. కార్డులో లోపమూ లేదు. అయితే ఈ వ్యత్యాసం ఎక్కడ పుట్టినట్లు?

ఈ ప్రశ్న ఆటల మోజుకు మాత్రమే సంబంధించినది కాదు. వీడియోల కూర్పు, త్రిమితీయ చిత్రరచన, కృత్రిమ మేధకు సంబంధించిన ప్రయోగాలు - ఇవన్నీ నేడు గ్రాఫిక్స్ కార్డుపై ఆధారపడుతున్నాయి. మధ్యతరగతి కుటుంబం ఒక ఇంజనీరింగ్ విద్యార్థి కోసం పాతిక ముప్ఫయి వేల రూపాయలు దీనిపై వెచ్చిస్తే, దానిని మార్చుకొనే అవకాశం మళ్ళీ నాలుగైదేండ్ల వరకు రాదు. ఆ నిర్ణయానికి ఆధారమైన సమీక్షలు దేనిని కొలుస్తున్నాయి, దేనిని కొలవడం లేదు అన్నది తెలుసుకొనడం అందువల్ల అవసరం.

సగటు చెప్పని సంగతి

తెరపై కదిలే దృశ్యం నిజానికి నిశ్చల చిత్రాల పరంపర. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. సెకనుకు ఎన్ని ఫ్రేములను కార్డు గీయగలదో లెక్కించి సగటు చెప్పడం చిరకాలంగా వస్తున్న పద్ధతి. అంకె పెద్దదైతే కార్డు మేలైనది. సరళమైన ఈ కొలత దాదాపు రెండు దశాబ్దాల పాటు సమీక్షలను ఏలింది.

దీనిలోని లోపాన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. సెకనుకు 60 ఫ్రేములు సమానమైన ఎడంతో వస్తే, ఒక్కొక్కదానికి 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. కదలిక నునుపుగా కనిపిస్తుంది. అట్లుగాక 59 ఫ్రేములు ఒక్కొక్కటి 10 మిల్లీసెకన్లలో వచ్చి, చివరి ఫ్రేము 410 మిల్లీసెకన్లు తీసుకొన్నదనుకొందాం. మొత్తం ఒక సెకనే, సగటు 60యే. కాని చూచేవారికి దృశ్యం దాదాపు అర సెకను సేపు స్తంభించిపోయింది. గంటకు ఆరు బస్సులున్న రూటులో ఐదు బస్సులు ఒకదాని వెనుక ఒకటిగా వచ్చి, ఆ తరువాత ముప్పావు గంట దాకా ఒక్కటీ రాకపోతే, డిపోవారి లెక్కలో పది నిమిషాలకొక బస్సు ఉన్నట్లే. బస్టాండులో నిలబడిన ప్రయాణికునికి ఆ లెక్కతో పనిలేదు.

2011 సెప్టెంబరులో ‘ది టెక్ రిపోర్ట్’ సంపాదకుడు స్కాట్ వాసన్ ఈ విషయాన్ని ఎత్తిచూపుతూ ఒక వ్యాసం ప్రకటించాడు. సెకను మొత్తానికి ఎన్ని ఫ్రేములని కాక, ఆ సెకను లోపల ప్రతి ఫ్రేముకూ ఎంత కాలం పట్టిందో విడివిడిగా కొలవాలని ఆయన ప్రతిపాదన. నూటికి తొంభైతొమ్మిది ఫ్రేములు ఎంత కాలంలోగా పూర్తయ్యాయో చెప్పే అంకెను సగటు ప్రక్కన చేర్చాడు. సమీక్షల చరిత్రలో ఇంతటి మార్పు తెచ్చిన వ్యాసం మరొకటి లేదని చెప్పవచ్చు. 2013లో ‘పీసీ పర్‌స్పెక్టివ్’ పత్రిక ఎన్విడియా రూపొందించిన పరికరాల సాయంతో మరొక అడుగు వేసింది: ప్రతి ఫ్రేము అంచున ఒక రంగు పట్టీని అద్ది, మానిటర్‌కు వెళ్ళే సంకేతాన్నే రికార్డు చేసి పరిశీలించింది. రెండు ఏఎండీ కార్డులను జతగా బిగించినపుడు లెక్కలోకి వస్తున్న ఫ్రేములలో చాలా భాగం తెరపై కొన్ని గీతల మేరకే కనిపించి మాయమవుతున్నాయని, అనగా అంకె పెరిగినా చూపునకు లాభం లేదని, అప్పుడు బయటపడింది. అదే సంవత్సరం ఆగస్టులో ఏఎండీ తన డ్రైవరు సాఫ్ట్‌వేరును సవరించవలసి వచ్చింది. పద్ధతి మారినందువల్ల సరుకే మారిన సందర్భమిది. కొలిచేవాడు లేనినాడు ఆ లోపాన్ని దిద్దవలసిన అగత్యం తయారీదారుకు కలగలేదు.

నేడు దాదాపు ప్రతి సమీక్షలోనూ సగటు క్రింద “ఒక శాతం కనిష్ఠం” అనే రెండవ గీత ఉంటుంది. ఇక్కడ పాఠకుడు ఒక్క క్షణం ఆగాలి. ఈ పేరుతో రెండు వేర్వేరు లెక్కలు చలామణిలో ఉన్నాయి. పదివేల ఫ్రేములలో అతి నెమ్మదైన వందింటిని వేరుచేసి, వాటి సరిహద్దున ఉన్న ఫ్రేము కాలాన్ని కొందరు ఇస్తారు; ఆ వందింటి సగటును మరికొందరు ఇస్తారు. ఆ వందలో 99 ఫ్రేములు 25 మిల్లీసెకన్లవి, ఒకటి 400 మిల్లీసెకన్లది అయితే, మొదటి లెక్కలో సెకనుకు 40 ఫ్రేములని, రెండవ లెక్కలో సుమారు 35 అని వస్తుంది. కార్డు అదే, ఆట అదే. ఒక సమీక్షలోని కనిష్ఠాన్ని వేరొక సమీక్షలోని కనిష్ఠంతో పోల్చడం అందువల్ల ప్రమాదకరం.

పలు గేముల ఫలితాలను కలిపి ఒకే అంకెగా చెప్పేటపుడు కూడా ఇటువంటి చిక్కే ఉన్నది. మొదటి కార్డు మూడు గేములలో 50, 60, 400 ఫ్రేములు, రెండవ కార్డు 60, 72, 340 ఫ్రేములు ఇచ్చాయనుకొందాం. మామూలు సగటు ప్రకారం మొదటిదానికి 170, రెండవదానికి 157, మొదటిదే గెలిచింది. కాని బరువైన రెండు గేములలోనూ రెండవ కార్డు 20 శాతం ముందున్నది. 400, 340ల తేడా ఏ కంటికీ ఆనదు. గుణాత్మక సగటు, అనగా గుణోత్తర మధ్యమం, తీసుకొంటే మొదటిదానికి 106, రెండవదానికి 114 వచ్చి తీర్పు తారుమారవుతుంది. పదవ తరగతి గణితం చదివినవారు స్వయంగా సరిచూసుకొనవచ్చు. ఏ సగటు వాడారో చెప్పని పట్టికను నమ్మడం కన్నా, మనకు పనికివచ్చే రెండు మూడు గేముల ఫలితాలను విడిగా చూసుకొనడం మేలు.

కొలతబద్దను వంచిన సందర్భాలు

పరీక్షాపత్రం ముందే తెలిసిన విద్యార్థికి మార్కులు రావడంలో వింత లేదు. 2001 అక్టోబరులో ‘హార్డ్‌ఓసీపీ’ సంస్థ, ఏటీఐ వారి రేడియన్ 8500 కార్డుపై ఒక విచిత్రమైన పరీక్ష చేసింది. అప్పట్లో అందరూ కొలతకు వాడే ‘క్వేక్ 3’ గేము ఫైలు పేరును ‘క్వాక్’ అని మార్చి నడిపితే వేగం తగ్గిపోయింది. డ్రైవరు గేము పేరును గుర్తుపట్టి, దృశ్య నాణ్యతను కొంత తగ్గించి వేగం పెంచుతున్నదన్నమాట. 2003 మే నెలలో ‘3డీమార్క్ 03’ అనే పరీక్షా సాఫ్ట్‌వేరు విషయంలో ఎన్విడియాపై ఇటువంటి ఆరోపణే వచ్చింది. ఆ పరీక్షలో కెమెరా ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది. కెమెరా చూడని భాగాలను డ్రైవరు అసలు గీయనే లేదని, కెమెరాను దారి తప్పించి చూసినపుడు తెలిసింది. పరీక్ష రూపొందించిన ఫ్యూచర్‌మార్క్ సంస్థ సవరణ విడుదల చేయగా ఆ కార్డు మార్కులు దాదాపు 24 శాతం పడిపోయాయి. తరువాత ఇరుపక్షాలూ రాజీపడి, మోసమన్న మాటను ఉపసంహరించుకొన్నారు. మాట మారినా మార్కులు పడిపోయిన సంగతి మారదు.

ఈనాటి చిక్కు దీనికి భిన్నమైనది, మరింత సూక్ష్మమైనది. కార్డు నిజంగా గీసిన రెండు ఫ్రేముల నడుమ కృత్రిమ మేధ ఊహించిన ఫ్రేములను చొప్పించే పద్ధతి 2022 అక్టోబరులో ఎన్విడియా 40వ శ్రేణితో వచ్చింది. 2025 జనవరిలో ఆ సంస్థ అధినేత జెన్సెన్ హువాంగ్, 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 కార్డు వెనుకటి తరపు అగ్రశ్రేణి ఆర్‌టీఎక్స్ 4090తో సమానమని వేదికపై ప్రకటించాడు. ప్రతి నాలుగు ఫ్రేములలో మూడింటిని ఊహించి చేర్చే పద్ధతిని లెక్కలోకి తీసుకొన్న పోలిక అది. ఊహించిన ఫ్రేములు కదలికను నునుపు చేస్తాయి, కాదనలేం. కాని మీట నొక్కినప్పటి నుండి తెరపై ఫలితం కనిపించే వరకు పట్టే కాలం వాటివల్ల తగ్గదు. కొంత పెరుగుతుంది కూడా. స్వతంత్ర సమీక్షకులు ఊహా ఫ్రేములు లేని ఫలితాన్ని విడిగా చూపడం అందువల్ల కొనుగోలుదారుకు పెద్ద మేలు. ఈ రెండింటినీ ఒకే గీతలో కలిపి చూపిన పట్టిక ఎక్కడ కనబడినా దానిని ప్రక్కన పెట్టవచ్చు.

సమీక్షకుని యంత్రం, మన యంత్రం

పైన చెప్పిన లోపాలను పరిశ్రమ క్రమంగా దిద్దుకొన్నది. అన్నీ సక్రమంగా పాటించిన ఉత్తమ సమీక్ష కూడా కొనుగోలుదారును తప్పుదారి పట్టించగల చోటు ఒకటి మిగిలింది.

కార్డు ఒంటరిగా పనిచేయదు. ఏ వస్తువు ఎక్కడ ఉన్నది, ఎటు కదిలింది అని ప్రాసెసర్ లెక్కకట్టి ఆదేశాలు పంపితే కార్డు వాటిని చిత్రంగా గీస్తుంది. నారుమడిలో నారు తీసేవారు, పొలంలో నాటేవారు ఉన్నట్లు ఊహించండి. నారు తీసేవారు గంటకు 70 కట్టలు మాత్రమే అందించగలిగితే, నాటేవారు ఎంతమంది వచ్చినా గంటకు నాటేది 70 కట్టలే. సమీక్షకుని పరీక్షా యంత్రంలో ఆ కాలానికి లభించే అతివేగవంతమైన ప్రాసెసర్ ఉంటుంది. అది సెకనుకు 200 ఫ్రేములకు సరిపడ ఆదేశాలివ్వగలదు. అక్కడ ఒక కార్డు 90, మరొక కార్డు 120 ఫ్రేములు ఇస్తే, రెండవది 33 శాతం మేలని తీర్పు వస్తుంది. అదే జతను, 70 ఫ్రేములకు మాత్రమే సరిపోయే ప్రాసెసర్ ఉన్న మన ఇంటి యంత్రంలో బిగిస్తే, రెండూ 70 దగ్గర ఆగిపోతాయి. అదనంగా ఇచ్చిన ఎనిమిది పది వేల రూపాయలు ఎందుకిచ్చినట్లు?

సమీక్షకుల పద్ధతి అశాస్త్రీయమని దీని అర్థం కాదు. రసాయనశాలలో ఒక పదార్థపు గుణాన్ని కొలిచేటపుడు మిగిలిన పరిస్థితులను స్థిరంగా ఉంచినట్లే, కార్డు శక్తిని కొలవాలంటే ప్రాసెసర్ అడ్డుతగలకుండా చూడాలి. నిదానమైన ప్రాసెసర్‌తో కొలిస్తే అన్ని కార్డులూ సమానమని తేలి, ఏమీ తెలియకుండా పోతుంది. రేపు ప్రాసెసర్ మార్చుకొన్నపుడు కార్డు అసలు సత్తా ఉపయోగపడుతుంది కూడా. ఇది సమంజసమైన వాదనే. కాని ఆ పరీక్ష సమాధానమిస్తున్నది “ఈ కార్డు శక్తి ఎంత?” అనే ప్రశ్నకు. కొనుగోలుదారు అడుగుతున్నది “నా యంత్రంలో ఇది ఎంత ఇస్తుంది?” అని.

ఈ రెండు ప్రశ్నల మధ్య అగాధాన్ని ఇంటెల్ వారి ఆర్క్ బీ580 కార్డు స్పష్టంగా చూపింది. 2024 డిసెంబరులో 249 డాలర్ల ధరకు, 12 గిగాబైట్ల మెమరీతో విడుదలైన ఈ కార్డును సమీక్షకులు ఎంతగానో మెచ్చుకొన్నారు. తక్కువ ఖర్చులో కొనేవారికి ఇంత మంచి కార్డు ఏండ్ల తరబడి రాలేదన్నారు. పరీక్షలు జరిగినవి రైజెన్ 7 9800ఎక్స్3డీ వంటి ఖరీదైన ప్రాసెసర్లపైన. 2025 జనవరిలో ‘హార్డ్‌వేర్ కెనక్స్’, ‘హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్’ అనే రెండు సంస్థలు దీనినే రైజెన్ 5 2600 వంటి పాత ప్రాసెసర్లతో నడిపి చూశాయి. కొన్ని గేములలో వేగం ఊహించని మేరకు పడిపోయింది. అదే ప్రాసెసర్‌పై పోటీ కార్డులు అంతగా నష్టపోలేదు. ఇంటెల్ డ్రైవరు ప్రాసెసర్‌పై ఎక్కువ భారం మోపుతున్నదని తేలింది. ఆలోచించి చూడండి: 249 డాలర్ల కార్డు కొనేవారిలో అధికులు పాత యంత్రానికి క్రొత్త కార్డు చేర్చుకొనేవారే. ఏ వర్గం కొరకు కార్డు తయారయిందో ఆ వర్గం యంత్రాన్నే మొదటి సమీక్షలు పరీక్షించలేదు. వాటి అంకెలలో ఒక్కటీ తప్పు కాదు.

2022 జనవరిలో వచ్చిన ఏఎండీ రేడియన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మరొక తీరు ఉదాహరణ. మదర్‌బోర్డుతో సమాచారం ఇచ్చిపుచ్చుకొనే దారులు సాధారణంగా కార్డుకు 16 లేదా 8 ఉంటే, దీనికి 4 మాత్రమే పెట్టారు. నాలుగవ తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్న క్రొత్త బోర్డులో ఆ నాలుగు దారులగుండా సెకనుకు సుమారు 8 గిగాబైట్లు పోగలదు. మూడవ తరం పాత బోర్డులో అందులో సగమే. కార్డు మెమరీ 4 గిగాబైట్లే కనుక అది నిండగానే ఈ ఇరుకు దారి మీద ఒత్తిడి పెరిగి, పాత బోర్డులలో వేగం బాగా తగ్గింది. ఇక్కడ మాత్రం పలువురు సమీక్షకులు మెలకువగా రెండు తరాల బోర్డులపైనా పరీక్షించి హెచ్చరించారు. పద్ధతి కొనుగోలుదారు వైపునుండి ఆలోచిస్తే ఎంత మేలు చేయగలదో దీనివల్ల తెలుస్తుంది.

రిజల్యూషన్ సంగతి కూడా ఇందులోనిదే. అధిక సంఖ్యాకుల ఇండ్లలో ఉన్నవి 1920, 1080 చుక్కల మానిటర్లు. 4కే తెరపై రెండు కార్డుల మధ్య కనిపించే తేడా అటువంటి మానిటర్‌పై సగానికి సగం మాయమైపోవచ్చు. మానిటర్ సెకనుకు 60 ఫ్రేములే చూపగలిగినదైతే 140 ఫ్రేముల కార్డు కొనడంలో అర్థం లేదు.

పేరు ఒకటి, సరుకు వేరొకటి

సమీక్ష ఒక కార్డుకు జరుగుతుంది, అంగడిలో అదే పేరుతో వేరొకటి దొరుకుతుంది. 2017లో వచ్చిన జీటీ 1030 కార్డులో జీడీడీఆర్5 మెమరీ ఉండేది. అది సెకనుకు 48 గిగాబైట్ల సమాచారాన్ని అందించేది. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీ కల కార్డు విపణిలోకి వచ్చింది. దాని సామర్థ్యం 16.8 గిగాబైట్లు, అనగా దాదాపు మూడవ వంతు. పెట్టెపై చిన్న అక్షరాలలో ఉన్న ఒక్క మాట తప్ప కొనేవారికి వేరు ఆనవాలు లేదు. 2024లో వచ్చిన 6 గిగాబైట్ల ఆర్‌టీఎక్స్ 3050 కూడా 8 గిగాబైట్ల పాత 3050తో పోలిస్తే మెమరీలోనే కాక లోపలి గణన విభాగాల సంఖ్యలోనూ తక్కువది. 2017 నాటి సమీక్షను నమ్మి 2019లో కొన్నవాడు మోసపోతే ఆ సమీక్షను తప్పుపట్టలేం. తేదీ, మెమరీ రకం, పూర్తి నమూనా సంఖ్య - ఈ మూడూ బిల్లుపై రాయించుకొనడం మన దేశంలో ఇంకా అలవాటు కావలసి ఉన్నది.

జీటీఎక్స్ 970 ఉదంతం దీనికి కొంత భిన్నం. 2014 సెప్టెంబరులో 4 గిగాబైట్ల మెమరీతో వచ్చిన ఆ కార్డులో చివరి అర గిగాబైటు మిగిలినదానికన్నా చాలా నెమ్మదిగా పనిచేస్తుందని 2015 జనవరిలో కాని వెల్లడికాలేదు. దానిని ముందు పసిగట్టినవారు వాడుకదారులే. అమెరికాలో దావా నడిచి, 2016లో కార్డుకు 30 డాలర్ల చొప్పున పరిహారమిచ్చేందుకు ఎన్విడియా అంగీకరించింది.

ఎండ, కరెంటు, ధర

సమీక్షలలోని ఉష్ణోగ్రతలు 21, 22 డిగ్రీల గదులలో, తరచుగా క్యాబినెట్ లేని బల్లపై తీసినవి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గది 38 డిగ్రీలుంటుంది. 22 డిగ్రీల గదిలో 68 చూపిన కార్డు గదికన్నా 46 డిగ్రీలు వేడెక్కినట్లు లెక్క. ఆ 46ను 38కి కలిపితే 84. అక్కడికి చేరేసరికి పంఖా హోరెత్తుతుంది, కొన్ని కార్డులు తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. గది ఉష్ణోగ్రతకు పైన ఎంత అన్న లెక్కను విడిగా ఇచ్చే సమీక్షకులు కొందరున్నారు. ఉష్ణదేశవాసులమైన మనకు పనికివచ్చేది ఆ అంకె.

కరెంటు లెక్క ఎవరికి వారు వేసుకొనవచ్చు. ఒక కార్డు మరొకదానికన్నా 120 వాట్లు ఎక్కువ తీసుకొని, ఏడాదిలో 300 రోజులు రోజుకు నాలుగు గంటలు నడిస్తే, అదనపు ఖర్చు 144 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకొంటే ఏడాదికి 1,152. నాలుగేండ్లలో ఇది రెండు కార్డుల ధరలోని తేడాను మింగివేయవచ్చు. క్రొత్త ఎస్‌ఎంపీఎస్ కొనవలసి వస్తే ఆ ఖర్చు వేరు.

ధర విషయంలో విదేశీ సమీక్షలు మనకు దాదాపు నిరుపయోగం. డాలర్లలో ప్రకటించిన ధరను బట్టి ఒక్కొక్క ఫ్రేముకు ఎంత పడిందో లెక్కకట్టి ఇచ్చే పట్టిక ఆకర్షణీయంగా ఉంటుంది. అమెరికా ధరలో అమ్మకపు పన్ను కలిసి ఉండదు. మన బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఒక సంస్థ కార్డు ఇక్కడ సులువుగా దొరికి, మరొక సంస్థది కొరతగా ఉంటే వాటి ధరల నిష్పత్తే మారిపోతుంది. 2020 చివరినుండి 2022 వరకు క్రిప్టో నాణేల గనివేట, సరఫరా కొరత కలిసి ప్రకటిత ధరలను అన్ని దేశాలలోనూ అర్థరహితం చేశాయి. చేయవలసిన పని ఒకటే: సమీక్షనుండి ఫ్రేముల అంకె తీసుకొని, మన ఊరి అంగడి ధరతో భాగాహారం మనమే చేసుకొనడం.

సమీక్షకుని స్వాతంత్ర్యం

పరీక్షకు వచ్చే కార్డును పంపేది తయారీదారు. ఫలితం ఏ గంటకు ప్రకటించాలో నిర్ణయించేదీ అతడే. 2020 డిసెంబరులో ఎన్విడియా, కాంతి కిరణాల అనుకరణకు తగిన ప్రాధాన్యమివ్వడం లేదన్న కారణంతో ఆస్ట్రేలియాకు చెందిన హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ సంస్థకు ఇకపై సమీక్షా కార్డులు పంపబోమని లేఖ రాసింది. దీనిపై పెద్ద అలజడి చెలరేగగా కొద్ది రోజులలోనే వెనుకకు తగ్గింది. 2025 ఏప్రిల్‌లో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ వచ్చినపుడు 16 గిగాబైట్ల కార్డులే సమీక్షకులకు అందాయి. 8 గిగాబైట్ల కార్డును వారు బజారులో కొని పరీక్షించవలసి వచ్చింది. ఏది పంపలేదు అన్నది కూడా ఒక సమాచారమే.

అమెరికాలోని ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ తాను పరీక్షించే వస్తువులను బజారులో డబ్బిచ్చి కొంటుంది. మన దేశంలో 1978లో అహ్మదాబాదులో ఏర్పడిన వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం, ఢిల్లీలోని ‘వాయిస్’ సంస్థ తులనాత్మక పరీక్షల సంప్రదాయాన్ని నెలకొల్పాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద 2022 జూన్‌లో వెలువడిన మార్గదర్శకాలు, ప్రచారకర్తకూ తయారీదారుకూ గల ఆర్థిక సంబంధాన్ని వెల్లడించాలని నిర్దేశించాయి. అదే ఏడాది నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ వినియోగదారుల సమీక్షల సేకరణ, ప్రచురణలకు ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని ప్రకటించింది, అది స్వచ్ఛందమైనది. ఈ నియమాలు సంబంధాన్ని బయటపెట్టగలవే కాని పరీక్షా పద్ధతిలోని గుణదోషాలను నిర్ణయించజాలవు. ఆ పని చదువరిదే.

మరొక పరిమితి కాలానిది. విడుదల నాటి సమీక్ష వారం పది రోజుల పరిచయంతో రాసినది; మన్నిక అందులో దొరకదు. ఆర్‌టీఎక్స్ 4090 విద్యుత్ కనెక్టరు కరిగిన ఉదంతాలు 2022 అక్టోబరులో వాడుకదారుల ఇండ్లనుండి వెలువడ్డాయి, పరీక్షాగారాలనుండి కాదు. రెండు మూడు నెలలు వేచి ఉండగలవారు ఆ మేరకు లాభపడతారు. మన ఊరిలో సర్వీసు కేంద్రం ఉన్నదా, వారంటీకి కార్డు ఏ నగరానికి పంపాలి అన్నవి ఏ విదేశీ సమీక్షలోనూ ఉండవు.

కొనే ముందు ఇంట్లో ఒక పరీక్ష

సమీక్షకులు వాడే సాధనాలలో కొన్ని ఇప్పుడు అందరికీ ఉచితం. ఇంటెల్ వారి ‘ప్రెజెంట్‌మాన్’ వీటిలో ఒకటి. ప్రతి ఫ్రేము కాలాన్నీ నమోదు చేస్తుంది. కళాశాల ప్రయోగశాలలో ఒక పీరియడు చాలు. ఒకే గేములో ఒకే దృశ్యాన్ని ఒక నిమిషం చొప్పున మూడుసార్లు నడపాలి. మూడు ఫలితాలలో రెండు శాతం వరకు తేడా సహజంగానే కనిపిస్తుంది. సమీక్షా పట్టికలో రెండు కార్డుల మధ్య రెండు శాతం తేడా ఉంటే దానికి ఎంత విలువ ఇవ్వాలో విద్యార్థులకు అప్పుడే అర్థమవుతుంది.

అటుపిమ్మట రిజల్యూషన్ ఒక్కటే తగ్గించి, 1920, 1080 చుక్కలనుండి 1280, 720కి మార్చి, మళ్ళీ నడపాలి. కార్డుపై భారం సగానికన్నా తగ్గింది. ఫ్రేములు బాగా పెరిగితే ఇంతవరకు అడ్డుపడినది కార్డే. క్రొత్తది కొంటే ఫలితముంటుంది. 58 ఉన్నది 60 అయి ఆగిపోతే, అడ్డు ప్రాసెసర్ వద్ద ఉన్నది. ఆ యంత్రానికి పట్టికలో మొదటి స్థానంలో ఉన్న కార్డు తెచ్చి బిగించినా ఆ 60 పెద్దగా మారదు. కొనదలచిన ముప్ఫయి వేలలో కొంత భాగంతో ప్రాసెసర్‌నో, బోర్డునో మార్చుకొని, మిగిలినది దాచుకొనవచ్చు.